పదో రాయి

"ఈ రాయిని పగలగొట్టేస్తాను! బాబాయ్, మీ ఇంట్లో గునపం ఉందా?"

పదో కిలోమీటరు రాయిని ఒక్క తన్ను తన్నింది నస్రీన్. రాయికేం కాలేదు. బొటనవేలు మాత్రం జివ్వుమంది. దాంతో కోపం ఇంకాస్త ఎక్కువైంది.

తూము గట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్న చలపతిరావు తలెత్తాడు. ఓవర్‌సీర్‌గా చేసి రిటైరైన మనిషి. తెనాలి శివార్లో మొదలై, కాలవకట్ట వెంబడి వచ్చి, ఈ ఊళ్ళో ఆగిపోయే రోడ్డు ఆయన వేయించిందే. రాళ్ళూ ఆయన పాతించినవే. ఆ మాట రోజుకొక్కసారైనా చెప్పుకోకపోతే ఆయనకి తాగిన కాఫీ అరగదు.

"పొద్దున్నే రాయి మీద పడ్డావేంటమ్మాయ్? నిన్నేం చేసిందది?"

"ఏం చేసిందా? నా కొంప ముంచింది!" నస్రీన్ మణికట్టు తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందు పెట్టింది. "మా ల్యాబులో జెన్నిఫర్ వాచీ ఇది, పరిగెత్తిన దూరం కొలుస్తుంది. రోడ్డు మొదట్లో నొక్కి, ఇక్కడ ఆపాను. ఎంతుందో మీరే చదవండి."

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎనిమిదిన్నర."

"పది ఉండాలి కదండీ!"

"వాచీలంతేనమ్మా. ఎక్కడో ఆకాశంలో ఉన్నదాన్ని అడిగి చెప్తాయి. రాయి అలాక్కాదు, నేల మీదుంటుంది."

"నేనూ అదే అనుకున్నాను. నిన్న ఫోనుతో చూశాను, ఎనిమిదిన్నర. మొన్న మా ఆయన స్కూటీ మీటరు చూశాను, ఎనిమిదిన్నర. మూడూ కూడబలుక్కుని అబద్ధమాడతాయా?"

చలపతిరావు పేపరు మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు.

నస్రీన్‌కి ఒళ్ళు మండిపోతోంది. మండదా మరి? నాలుగు నెలలు చీకటితో లేచి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, ఈ రోడ్డు మీద పరిగెత్తింది. ఇంత చక్కగా రాళ్ళుండగా వాచీ దండగనుకుంది. ఆదివారాలైతే పది రాళ్ళు రావడం, పది రాళ్ళు పోవడం. ఇరవై కిలోమీటర్లు చేసేశానన్న ధీమాతో బాపట్లలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందేనికి పేరిచ్చింది. ఇంకొక్క కిలోమీటరు, అదెంత అనుకుంది. సరిగ్గా పదిహేడు దగ్గర రెండు పిక్కలూ పట్టేశాయి. వెనకాల వచ్చే వ్యానులో, అరటితొక్కల బుట్ట పక్కన కూలేసి తీసుకొచ్చారు. చివరి గీత దగ్గర కాచుకుని ఉన్న కూతురు, "మెడల్ ఏదమ్మీ?" అని చెయ్యి చాచింది. అత్తగారు, "చెప్తే విన్నావా?" అన్న ఒక్క మాటతో సరిపెట్టింది.

"ఆ మర్నాడు ఇక్కడికొచ్చి ఏడిస్తే మీరేమన్నారు బాబాయ్? గుర్తుందా?"

"ఏదో అన్నాన్లే."

"'నీకు దమ్ము చాల్లేదమ్మాయ్' అన్నారు. 'ఇంకో రెండు నెలలు ఇదే రోడ్డు మీద చెయ్యి' అన్నారు. పదిహేను రోజులుగా నా కాళ్ళని నేనే తిట్టుకుంటున్నాను. నా వల్ల కాదని రేపల్లె పరుగుకి పేరు కూడా ఇవ్వలేదు. తీరా చూస్తే ఈ రాళ్ళ మీద నేను చేసిందే పదిహేడు! బాపట్లలో పరిగెత్తిందీ పదిహేడే! నా కాళ్ళు నన్ను ఒక్క గజం కూడా మోసం చెయ్యలేదండీ!"

కోపంలో ఉన్నప్పుడు ఏడుపొస్తే ఆమెకి మరీ కోపం. చున్నీతో మొహం తుడిచేసుకుంది.

"ఊరుకో తల్లీ. రోడ్డు మీద ఆ అరుపులేంటి?" చలపతిరావు అటూ ఇటూ చూశాడు.

"ఎందుకూరుకుంటాను? మిమ్మల్ని కాదండీ నేననేది. మీరు గొలుసు పట్టి కొలిపించానని రోజూ చెప్తారుగా. పసుపు ఆరబోసుకోడానికి అడ్డమనో, గేదెని కట్టుకోడానికనో, ఎవడో రాళ్ళు పీకి జరిపేశాడు. నన్ను ఏడిపించి, మీ పేరు చెడగొట్టిన ఆ వెధవెవడో తేలాల్సిందే!"

నడుముకి కట్టుకున్న చిన్న సంచీలోంచి మడిచిన కాగితం తీసింది.

"సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఇస్తాను. రోడ్డు మొదట్నుంచీ మళ్ళీ కొలవమని రాశాను. సాక్షిగా మీ పేరే పెట్టాను. ఇదుగో, ఇక్కడ సంతకం చెయ్యండి."

చలపతిరావు కాగితం అందుకోలేదు. ఆయన ఒళ్ళో పేపరు జారి కాలవలో పడింది. ఆయన దానివైపు చూడను కూడా లేదు.

"అది ఇవ్వకమ్మా."

"ఎందుకివ్వకూడదు? ఆ దొంగని వదిలెయ్యమంటారా?"

"ఇరవై ఏళ్ళుగా ఈ రోడ్డు మీద ఎన్ని బళ్ళు పోయాయో. ఒక్కడూ మీటరు చూసుకోలేదు. కాళ్ళతో కొలవడానికి నువ్వొక్కదానివే దాపురించావు."

"ఏంటి బాబాయ్ మీరనేది? రాళ్ళు జరిపిందెవడో మీకు తెలుసా?"

చలపతిరావు పదో రాయి మీద చెయ్యి వేశాడు.

"ఎవడూ జరపలేదమ్మా. బిల్లేమో పది కిలోమీటర్లకి పెట్టాం, ఊరేమో ఎనిమిదిన్నరకే వచ్చేసింది. పది రాళ్ళూ సర్దాలి కదా, దగ్గర దగ్గరగా నేనే పాతించాను."