మూడో మోటారు మాట

గాలిబస్సు రెక్క అంచున ఉండే పలకను మూడు మోటార్లు కదుపుతాయి. ఒకటి చెడితే మిగతా రెండూ బరువు మోస్తాయి. వాటిలో వాటికి మాట తేడా వస్తే, రెండు చెప్పిందే నిజం. అందుకే ఈ కాలంలో గాలిబస్సంటే ఎవరికీ భయం లేదు.

ఆ ఉదయం మూడో మోటారు, పలక పట్టేస్తోందని చెప్పింది. మిగతా రెండూ బాగుందన్నాయి. తెర మీద పచ్చదీపం వెలిగింది. మూడోదాన్ని పక్కన పెట్టేశారు.

ముగ్గురు తనిఖీదారుల్లో ఒకరైన ధనమ్మకు నమ్మకం కుదరలేదు. పలకను చేత్తో ఊపి చూసింది. లోపల గరగరమంది.

"మస్తానయ్యగారూ, ఆ రెండిట్లో వేసింది ఒకే డబ్బా గ్రీజు. చెడితే రెండూ కలిసే చెడతాయి. అన్నదమ్ముల సాక్ష్యం ఎవరు నమ్ముతారండీ?"

"నీకన్నీ అనుమానాలేనమ్మా," అన్నాడు తోటి తనిఖీదారు మస్తానయ్య, సలహాలు చెప్పే బుడిపెను చెవిలో సర్దుకుంటూ. "బానే ఉంది. ఏం రోజారాణీ?"

"బానే ఉందండి," అంది ఇంకో తనిఖీదారు రోజారాణి. ఆమె చెవిలోనూ అదే బుడిపె, అదే గొంతు. ధనమ్మ తన బుడిపెను పొద్దున టీ తాగేటప్పుడే తీసి జేబులో వేసుకుంది.

ప్రయాణికులు ఎక్కుతున్నారు. ధనమ్మ బస్సును ఆపే ఎర్ర బటన్ దగ్గరికి పరిగెత్తింది. వేలిముద్ర వేస్తే దాని మూత తెరుచుకోవాలి. వేసింది. తెరుచుకోలేదు.

మూత మీది చిన్న తెరపై పచ్చదీపం వెలిగింది. దాని కింద అక్షరాలు కనిపించాయి.

"మూడో తనిఖీదారు ధనమ్మలో లోపం ఉంది. పక్కన పెట్టాం."