తుడిచిన అద్దం

కొండదారిలో ప్రతి మలుపు దగ్గరా ఎదురు బండి కనబడేలా గుండ్రటి అద్దం ఉంటుంది. వాటిని తుడిచే ముసలాయన్ని పోయిన వానాకాలం, ఇప్పుడు ఈ దారిలో లారీ తోలుతున్న డ్రైవరే గుద్ది చంపేశాడు. మలుపులో హారన్ కొట్టలేదు, గుద్దాక ఆగలేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. అప్పట్నుంచీ అద్దాలన్నీ దుమ్ము కొట్టుకుపోయాయి.

ఈ రాత్రి మొదటి మలుపులో అద్దం తళతళలాడుతోంది.

"ఎవరు తుడిచారు బావా?" అన్నాడు పక్కన కూర్చున్న బావమరిది.

"ఎవడో పుణ్యాత్ముడు. నీకెందుకు, పడుకో."

తర్వాతి అద్దం మీంచి నీళ్లింకా కారుతున్నాయి. వాన జాడ లేదు. డ్రైవర్ ప్రతి మలుపులోనూ గట్టిగా హారన్ కొట్టాడు. కానీ అద్దాలు అబద్ధం చెప్పలేదు. వాటిలో కనబడ్డ బండ్లే ఎదురొచ్చాయి. అతనికి ధీమా పెరిగింది. హారన్ కొట్టడం మానేశాడు.

ముసలాయన పోయిన మలుపు వచ్చింది. అద్దంలో దారంతా ఖాళీ. డ్రైవర్ వేగం తగ్గించకుండా లారీని రాంగ్‌సైడుకి ఎక్కించి తిప్పాడు.

"బావా, ఆగు! అందులో మన లైట్లు కూడా కనబడట్లేదు!"

అద్దం మీద తడిగుడ్డ కీచుమంటూ ఒక్కసారి తిరిగింది. అప్పుడు కనబడ్డాయి, ఎదురుగా వస్తున్న రెండు లైట్లు.