వెనక్కి తీసే మాట

భర్త క్లైవ్ పోయిన మూడు వారాలకు గానీ థెల్మా అతని గదిలో మళ్లీ అడుగు పెట్టలేకపోయింది. అదీ మేనకోడలు బ్రిడీని వెంటబెట్టుకుని.

కంప్యూటర్ తెర మీద తెల్ల కాగితం. ఒక్క గీత లేదు.

"చూశావా? రెండేళ్లు గీసిన పడవ. పోయే ముందు అంతా చెరిపేశాడు. నా మీద కోపంతోనే."

"ఊరుకో అత్తా. మావయ్య కోపం టీ చల్లారేలోపు దిగిపోయేది."

క్లైవ్ సిగ్నెట్ అనే రేవు ఊళ్లో నలభై ఏళ్లు పడవలు కట్టాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టి, నోటితో గీయడం నేర్చుకున్నాడు. అతను మాట చెబితే కంప్యూటర్ గీస్తుంది. ఆ ఏర్పాటు బ్రిడీ చేసిందే. ఏ ప్రోగ్రామ్ తెరిచి ఉంటే దాన్ని బట్టి మాటకు అర్థం మారుతుంది. ఉత్తరాల్లో "పో" అంటే ఉత్తరం వెళ్తుంది, బొమ్మల్లో "పో" అంటే గీత సాగుతుంది. మాటలు మాత్రం క్లైవే పెట్టుకునేవాడు. అన్నీ వేళాకోళాలే. చెత్తబుట్టకు థెల్మా తమ్ముడి పేరు పెట్టాడు.

మనుషులతో మాట్లాడే ముందు మైకుకి "పడుకో" అని చెప్పాలి. అది క్లైవ్‌కి ఎప్పుడూ గుర్తుండేది కాదు. ఒకసారి కౌన్సిల్ వాళ్లకు రాసిన ఉత్తరం మధ్యలో "జామ్ సీసా ఎక్కడ దాచావే?" అని కూడా వెళ్లిపోయింది.

"ఆ పొద్దున నేనేమన్నానో తెలుసా?" అంది థెల్మా. "నీ పాడు పడవ చింపి పారెయ్, ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని గుర్తుందా అన్నాను. చెవి మిషన్ తీసి బల్ల మీద గిరాటేసి తోటలోకి పోయాను. ఆపిల్ కొమ్మలు కత్తిరిస్తూ అక్కడే ఉండిపోయా. నాలుగింటికి వచ్చేసరికి..."

మూడింటి లోపే గుండె ఆగిందన్నాడు డాక్టరు. థెల్మాకు మాత్రం కళ్లు మూస్తే ఆ తెల్ల కాగితమే. ఈ గదిలోంచి ఎవరో గీత తర్వాత గీత గీకి తీసేస్తున్న చప్పుడు. చెవి మిషన్ తీసేసినా వినిపిస్తోంది.

కంప్యూటర్ ఆ రోజు చేసిన పనుల జాబితా తెరిచింది బ్రిడీ.

"రెండూ పదికి మొదలైంది అత్తా. ఒక్కో గీతే వెనక్కి తీశాడు. నలభై నిమిషాలు. రెండు వందల పద్నాలుగు గీతలు."

"అమ్మో, అంత కసా!"

"పోనీలే, అన్నీ తిరిగి తెప్పిస్తాను."

"పడవ నాకెందుకే? నేనన్న ఆ మాట మనసులో పెట్టుకునే పోయాడా? అది చెప్పు, చాలు."

బ్రిడీ ఇంకో జాబితా తెరిచింది. కంప్యూటర్ విన్న మాటలన్నీ అందులో ఉంటాయి. మొదటి వరస చదవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. గబగబా తెర ఆర్పేయబోయింది.

థెల్మా ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది.

రెండు వందల పద్నాలుగు సార్లూ కంప్యూటర్ విన్నది ఒకటే మాట, గీత వెనక్కి తీయడానికి క్లైవ్ పెట్టుకున్న మాట: "థెల్మా".