అభ్యంతరాల జాబితా

దేవ్‌సింగ్ తలమీది తువ్వాలను మూతి దాకా లాక్కుని, సూర్యాపేటలో ఒక సినిమా హాల్లోకి దొంగలా దూరాడు.

దూరక తప్పలేదు. ‘ఎర్ర పావడా’ దయ్యం సినిమా నాలుగో భాగం, అదే ఆఖరిది, ఆ పొద్దున్నే విడుదలైంది. దాన్ని ఆపించాలని అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకు పోతే అక్కడి పెద్ద సారు ఒకటే అడిగాడు.

“సినిమా చూశారా?”

“సూడలే సార్. సూడొద్దనే గద మా కొట్లాట.”

“చూడకుండా ఏ సీను బాగాలేదో ఎలా రాస్తారు? చూసి, జాబితా రాసుకురండి. సాయంత్రం ఐదులోగా ఇస్తే పైకి పంపిస్తాను.”

రాసిపెట్టడానికి ధనుంజయ్ అనే గుమస్తాను వెంట పంపాడు. అతనిది కోదాడ. దయ్యమంటే హడలి చస్తాడు. ఆ మాట పెద్ద సారుతో ఎలా చెప్పుకుంటాడు పాపం!

దేవ్‌సింగ్‌ది చివ్వెంల దగ్గర లంబాడి తండా. సినిమాలో దయ్యానికి అద్దాల ఎర్ర పావడా కట్టించారు, మోచేతుల పైదాకా తెల్ల గాజులు తొడిగారు. దేవ్‌సింగ్ తల్లి చనిపోయేదాకా కట్టిన బట్ట అది. మొదటి భాగం వచ్చాక అతని భార్య జమ్లీ సంతకు చీర కట్టుకుని పోవడం మొదలుపెట్టింది. మూడో భాగం వచ్చాక కాలేజీ బస్సులో పోరగాళ్లు మనవరాలు వైష్ణవిని చూసి ‘దయ్యం, దయ్యం’ అని కూతలు పెట్టారు. ఆ పిల్ల పుస్తకాలు అటకెక్కించి నాట్లకు పోతోంది.

వైష్ణవి మళ్లీ బస్సెక్కాలి. దేవ్‌సింగ్‌కు కావలసింది అంతే.

ఆ సినిమా మీద మూడేళ్లుగా కాళ్లరిగేలా తిరిగాడు. మునగాల, హుజూర్‌నగర్, మిర్యాలగూడ, ఎక్కడ తండా ఉంటే అక్కడికి. సేవాలాల్ మహరాజ్ మీద ఒట్టు పెట్టించాడు. మనవాళ్లలో ఒక్కరు కూడా ఆ సినిమా చూడకూడదు. చూసినవాళ్లకు నిప్పు బంద్, నీళ్లు బంద్. అన్ని తండాలూ మాట మీద నిలబడ్డాయి. ఇప్పుడు ఒట్టు పెట్టించిన పెద్దమనిషే టికెట్ కొనుక్కుని కూర్చున్నాడు. తాను తవ్విన గోతిలో తానే పడటమంటే ఇదే.

మధ్య వరసలో సరిగ్గా మధ్య సీట్లు దొరికాయి. అటు పదిమంది, ఇటు పదిమంది. తలుపులు మూసి లైట్లు తీసేశారు. ఎవరైనా గుర్తుపడితే తండాలో తలెత్తుకోలేడు. లేచిపోతే మనవరాలి చదువు పోతుంది.

ధనుంజయ్ మొదటి కేకకే కళ్లు మూసుకున్నాడు.

“ఏమవుతుందండీ?”

“బాయిలకెల్లి లేసింది. అద్దాల పావడ. రాసుకో.”

ధనుంజయ్ కళ్లు తెరవకుండానే రాసుకున్నాడు. సినిమా వద్దన్నవాడు కథ చెప్తున్నాడు, రాయాల్సినవాడు దేవుణ్ని తలుచుకుంటున్నాడు.

ఇంటర్వెల్‌కు జాబితా తొమ్మిదికి చేరింది.

“తొమ్మిది సాలవా? పోదాం సార్.”

“సగం చూసి రాస్తే తిప్పి పంపేస్తారండీ. కూర్చోండి.”

లైట్లు వెలిగినంతసేపూ దేవ్‌సింగ్ తువ్వాల ముసుగులో తల వంచుకుని కూర్చున్నాడు. చుట్టూ పోరగాళ్లు ఒకటే గోల. మూడు భాగాల్లో ఆ దయ్యం నోరు తెరవలేదు. ఆఖరి భాగంలో మాట్లాడుతుందని పోస్టర్ల మీద వేశారు. ఆ వేషం వేసిందెవరో నేటికీ ఎవరికీ తెలియదు. పేర్లు పడేటప్పుడు దాని ఎదురుగా మూడు చుక్కలు పెడతారు. ప్రచారం కోసం అట!

రెండో సగంలో దయ్యాన్ని ఒక గదిలో వేసి మూశారు. అది గోళ్లతో తలుపు గీకింది. తర్వాత ఇటు తిరిగి, హాల్లో జనం వంకే చూస్తూ నోరు విప్పింది.

హాలంతా కెవ్వుమంది. గొంతును మిషన్లో వేసి సాగదీశారేమో, బండరాయి ఈడ్చినట్టుంది.

“ఉల్టా మంత్రం రా అది!” అన్నాడు వెనక ఒకడు.

“కాదు బే, కాటికాపరోళ్లు సదివేది!” అన్నాడు ఇంకొకడు.

దయ్యం ఆ ముక్కలే మళ్లీ అంది. మళ్లీ మళ్లీ అంది. దేవ్‌సింగ్ తువ్వాల జారి ఒళ్లో పడింది. చూసుకోలేదు. లేవబోయాడు. రెండు పక్కలా మోకాళ్లు అడ్డం.

“కూసో తాతా! కనవడ్తలేదు!”

కూలబడ్డాడు. ధనుంజయ్‌కు జాలేసింది.

“మీరు కూడా జడుసుకుంటే ఎట్టాగండీ? ఇది పదో అభ్యంతరం. రాయమంటారా?”

దేవ్‌సింగ్ అతని చేతిలో జాబితా గుంజుకుని ముక్కలు ముక్కలు చేశాడు.

“ఆపొద్దు సార్. గీ సినిమా ఆడాలె. అన్ని తండాలోళ్లు రావాలె. ఇయ్యాల్నే సూడాలె.”

“వద్దని ఒట్టు పెట్టించింది మీరే కదండీ!”

“నేనే. ఊరూరు తిరిగి నేనే తలుపులు మూసిన.” ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నవ్వాలో భయపడాలో తెలియక ధనుంజయ్ మొదటిసారి కళ్లు పూర్తిగా తెరిచాడు.

“ఇంతకీ ఏమందండీ అది?”

“‘నేను మిర్యాలగూడ మంగ్త్యా బిడ్డను, మొదటి సినిమా సంది నన్ను తాళమేసి ఉంచిన్రు, మన లంబాడి బాస తెలిసినోళ్లు ఒక్కలన్న సూస్తుంటే మా నాయినకు జెప్పుండ్రి’ అని బతిమాలుతున్నది సార్ ఆ పిల్ల.”