తాడో పేడో

శాంతికుమార్ పడ్డాడు. ఆర్ట్స్ కాలేజీకి ఎక్కే ఎత్తు రోడ్డు మీద, పొద్దున్నే నడకకొచ్చిన వాళ్ళందరి కళ్ళముందు, మాణికేశ్వర్ నగర్ గేదెలు అప్పుడే దాటి వెళ్ళిన చోట. చేతిలో తాడు, మోకాళ్ళకి పేడ. తాడుకి అటు చివర ఇంజన్ అనే కుక్క నాలుక బయటపెట్టి నిలబడి ఉంది.

"ఇంజన్ గారూ, బావున్నారా?" అన్నాడు రోజూ నడకలో కలిసే పార్థసారథి. నమస్కారం కూడా కుక్కకే పెట్టాడు. "ఆయన్ని అలా ఈడ్చుకుంటూ ఎక్కడికండీ తీసుకెళ్తున్నారు?"

శాంతికుమార్ నవ్వేసి లేచాడు. పేరులోనే శాంతి పెట్టుకున్నాక ఇంకేం చేస్తాడు?

తార్నాకలో ఇంటి తలుపు తీసిన సుగుణమ్మకి మాత్రం నవ్వు రాలేదు.

"మళ్ళీ పడ్డారా! హాస్టల్లో ఊడ్చే రాములవ్వ దీన్ని మనకి అప్పజెప్పిన రోజే చెప్పింది, 'గుంజుడు దీని గుణం సారూ' అని. మీరు చెవిన పెడితేగా!"

"పేరే ఇంజన్ కదే సుగుణా, లాగక ఏం చేస్తుంది? నేను బోగీని."

"బోగీ పట్టాలు తప్పింది. ఈసారి ఎముకలు తప్పుతాయి. ఇంకొక్కసారి లాగిందంటే మన చర్చి సంఘంలో ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. తర్వాత మీ ఇష్టం."

బల్ల కింద ఇంజన్ ఆయన పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. శాంతికుమార్‌కి ముద్ద దిగలేదు. ఆ ఇంట్లో ఆయన జోకులకి తోకైనా ఊపేది అదొక్కటే. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాడు. పేడ సంగతి ఎలాగూ తేలిపోయింది, ఇక మిగిలింది తాడు.

ఫోన్లో ఎవరో శిక్షకుడు చెబుతున్నాడు: "తాడు బిగిస్తే చెట్టులా ఆగిపోండి. కుక్క వెనక్కొచ్చి పక్కన కూర్చుంటే బిస్కెట్ పెట్టండి. తాడు వదులుగా ఉంటేనే అడుగు వెయ్యండి."

"ఆగడమే దీని ఆగడాలకి మందు!" అంటూ శాంతికుమార్ జేబు నిండా బిస్కెట్లు పోసుకుని బయల్దేరాడు. శిక్షణ దానికి, శిక్ష ఆయనకి.

చిత్రమేమిటంటే, ఇంజన్ పిల్లి కోసమో బజ్జీల బండి కోసమో లాగేది కాదు. తిన్నగా లాగేది. ఎత్తు రాగానే తల వంచి, ఛాతీ బిగించి, మధ్యమధ్యలో ఆయనకేసి తిరిగి చూసుకుంటూ మరీ లాగేది. పల్లం రాగానే దానంతటదే నెమ్మదించేది.

"ఎంత పొగరే నీకు! చూసి మరీ లాగుతున్నావా?" అని శాంతికుమార్ చెట్టయిపోయేవాడు. ఇంజన్ కాళ్ళు నేలకి తన్నిపెట్టి, తనేం తప్పు చేసిందో తెలియనట్టు కుయ్యిమనేది. చివరికి ఓడిపోయి వెనక్కొచ్చి కూర్చునేది. బిస్కెట్.

వానలు వెనకబట్టేసరికి ఇంజన్ మారిపోయింది. తాడు ఉయ్యాలలా వేలాడుతుంటే పక్కనే బుద్ధిగా నడుస్తోంది.

"ఏమండోయ్, ఇంజన్ ఆపేశారా?" అన్నాడు పార్థసారథి.

"లేదండీ, న్యూట్రల్లో పెట్టాను!"

ఒక ఆదివారం సుగుణమ్మే తాడు పట్టుకుని లాలాపేట్ దాకా వెళ్ళి, చీర కుచ్చిళ్ళు చెదరకుండా తిరిగొచ్చింది. "ఉండనివ్వండి, మనతోనే ఉంటుంది" అంది, దాని తల నిమురుతూ.

ఆ సాయంత్రమే రాములవ్వ వచ్చింది.

"సారూ, గీ కుక్కను పెంచిన పిల్ల వచ్చింది. బ్లెస్సీ పాప. ఇన్నొద్దులు దవాఖాన్లనే ఉండె. కుక్కను తోల్కరమ్మన్నది."

సుగుణమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల నీళ్ళ పంపు అవసరం లేకుండా చాలాసేపు మోగింది. శాంతికుమార్ ఇంజన్ మెడకి పట్టెడ కట్టాడు. గుండీ ఒక పట్టాన పడలేదు.

దారంతా ఇంజన్ చక్కగా నడిచింది. 'అల్లరి కుక్కని ఇచ్చింది, పెద్దమనిషిని తీసుకుంటుంది. చూసి మురిసిపోతుందిలే ఆ పిల్ల' అని తనకి తనే చెప్పుకున్నాడు.

హాస్టల్ గేటు ముందు, ఎత్తు రోడ్డు మొదలయ్యే చోట, చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి ఉంది.

శాంతికుమార్ ఆమెని చూడటం అదే మొదలు. ఇంజన్ ఒక్క దూకు దూకి ఆమె ఒళ్ళోకి ఎక్కేసింది. ఆమె ఏడుస్తూ నవ్వుతూ మొహమంతా నాకించుకుంది.

"చాలా థాంక్స్ అంకుల్. ఆపరేషన్ తర్వాత చేతుల్లో కూడా సత్తువ పోయింది, చక్రాలు తిప్పుకోలేను. పిహెచ్‌డీ మానేసి ఇంటికొచ్చెయ్యమని అమ్మ ఒకటే గొడవ. 'ఇంజన్ ఉండగా నాకేంటమ్మా, ఆ ఎత్తంతా అదే ఎక్కిస్తుంది' అని పోట్లాడి వచ్చేశాను."

శాంతికుమార్ చెయ్యి జేబులో బిస్కెట్ల మీదే బిగుసుకుపోయింది. ఏదో చెప్పబోయాడు.

బ్లెస్సీ వణికే వేళ్ళతో తాడుని కుర్చీ ముందున్న కొక్కేనికి తగిలించింది. ఆ కొక్కెం ఒరిసి ఒరిసి మెరుస్తోంది. ఆమె కళ్ళు తుడుచుకుని, ఎత్తు రోడ్డు కేసి చూసి, గట్టిగా అరిచింది.

"పదరా ఇంజన్! లాగు!"

ఇంజన్ ఉత్సాహంగా ఒక్క అడుగు ముందుకేసింది. తాడు బిగిసింది. అంతే, ఠక్కున ఆగి, వెనక్కొచ్చి, చక్రం పక్కన బుద్ధిగా కూర్చుని, బిస్కెట్ కోసం శాంతికుమార్ జేబు కేసి చూసింది.