సంతకాల పైన ఖాళీ

"ఆఖరి సంతకం నీదేనమ్మా గౌసియా. పెట్టేసి వెళ్లు" అంటూ సర్పంచ్ భూషణం పంచాయతీ తీర్మానాల పుస్తకం ముందుకు తోశాడు.

ఎండుచేపల వ్యాపారం చేసే గౌసియా కొత్తగా గెలిచిన వార్డు మెంబరు. పేజీ చూసింది. అడుగున తొమ్మిది సంతకాలు, పైనంతా ఖాళీ.

"ఇందులో ఏం రాస్తారు బాబాయ్?"

"మంచినీళ్ల చెరువు చేపలకి లీజు. సెక్రటరీ గారు తర్వాత తీరిగ్గా రాసుకుంటారు."

"మరి మేమేం తాగాలి?"

"ట్యాంకర్ తెప్పిస్తాంలే. అందరూ పెట్టారుగా, నీకేంటి?"

సరుకు చూడకుండా బేరం ముగించడం గౌసియాకు అలవాటు లేదు. పెన్ను తీసుకుని, ఆ ఖాళీలో పెద్ద అక్షరాలతో రాసింది: 'మంచినీళ్ల చెరువును ఎవరికీ లీజుకు ఇవ్వరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' కింద సంతకం చేసింది.

మెంబర్లంతా మెడలు చాచి, తాము దేనికి సంతకం పెట్టారో మొదటిసారి చదువుకున్నారు. ఒక్కరూ కాదనలేదు.

"ఆ పేజీ చింపెయ్యండి సెక్రటరీ గారూ" అన్నాడు భూషణం.

"నంబర్లేసిన పేజీలండీ. చింపితే నా ఉద్యోగం పోతుంది."

గౌసియా పెన్ను భూషణం ముందు పెట్టింది.

"మొదటి సంతకం మీదే బాబాయ్. ఇష్టం లేకపోతే కొట్టెయ్యండి, అందరం చూస్తాం."

భూషణం పెన్ను అందుకోలేదు.