గోరింటాకు తలలు

మా మనవరాలు నాగమల్లిది పుట్టుకతోనే ఎర్ర జుట్టు. ఇప్పుడు ఊళ్ళో ప్రతి గేటూ జుట్టు రంగు చూసి మనిషిని అంచనా కడుతుంది. బడి గేటు దాన్ని చూసినప్పుడల్లా ఒకే మాట అంటుంది: "ఎర్ర జుట్టు. కోపం ఎక్కువ. పక్కన నిలబడండి."

నిన్న ఇంకో మాట కూడా చెప్పింది. మర్నాడు పొద్దున వ్యాను వచ్చి, కోపం తగ్గించడానికని పిల్లను శాంతి నిలయానికి తీసుకెళ్తుందట. దాని తల్లినీ పోయిన ఏడు ఆఫీసు గేటు దగ్గర అలాగే ఎక్కించారు. ఇంకా తిరిగి రాలేదు.

గోరింటాకు రుబ్బి, టీ డికాక్షన్ కలిపి నా తెల్ల తలకు పట్టించాను. ఎదురింటి సూరమ్మ తొంగి చూసింది.

"ఈ వయసులో ఈ సోకులేంటే?"

సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆ గిన్నె ఇలా తే. మన వీధి ముసలాళ్ళందరికీ సరిపోతుందా?"

పొద్దున గేటు ముందు ఎర్ర తలలు బారులు తీరాయి.

"కోపం ఎక్కువ," అంది గేటు.

"ఇప్పుడు తెలిసిందా నాయనా?" అంది సూరమ్మ.

వ్యానులో పెద్దవాళ్ళను ముందు ఎక్కించాలని నియమం. మేమంతా ఎక్కి, మూటలు పక్కన పెట్టుకుని కూర్చున్నాం. వ్యాను నిండిపోయింది.

"అమ్మమ్మా, మరి నేను?"

నేను కిటికీలోంచి తల బయటికి పెట్టాను.

"నీకు చోటు లేదే తల్లీ. రేపటి వ్యాను కోసం పక్క వీధి వాళ్ళు గోరింటాకు నూరుతున్నారు. నువ్వు జడ ముందుకేసుకుని బడికి పో. మేం మీ అమ్మను తీసుకునే వస్తాం."